పేదలున్న చోట నేరాలెక్కువా? ఇరవై రెండేళ్లు కోర్టులో చూసినదాన్ని బట్టి నా జవాబు

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, కొత్తగా చదివేవాళ్లకు తెలియాలి కదా. మీకు గుంటూరు నుంచి విజయవాడకు ట్రాన్స్‌ఫర్ అయింది. అజిత్‌సింగ్‌నగర్ వైపు అద్దె అందుబాటులో ఉందని ఇల్లు చూస్తుంటే ఆఫీసులో వాళ్లు "అటు వద్దండీ, వాంబే కాలనీ దగ్గర, అంతా కూలీనాలీ జనం, దొంగతనాలెక్కువ" అని భయపెట్టారు. పేదరికం ఉన్నచోట నేరాలు ఎక్కువన్నది నిజమేనా, ఉద్యోగాలూ చదువులూ పెరిగితే తగ్గుతాయా అని అడిగారు.

నేను విజయవాడ కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా క్రిమినల్ కేసులు చేస్తున్నాను. అందులో పన్నెండేళ్లు లీగల్ ఎయిడ్ లాయర్‌గా, అంటే ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిల తరఫున. కాబట్టి నా చూపు కాస్త వాళ్ల వైపే ఉంటుంది. ఇదే ప్రశ్న ఒక రిటైర్డ్ సీఐ గారిని అడిగితే వేరే జవాబు రావచ్చు.

సూటిగా చెప్పాలంటే: ఆర్థిక పరిస్థితికీ నేరానికీ సంబంధం ఉంది. కానీ మీ ఆఫీసు వాళ్లు అనుకునేలా లేదు. సంపాదన తక్కువైతే మనిషి దొంగ అయిపోడు. అదే నిజమైతే ఈ ఊళ్లో ఇళ్లల్లో పనిచేసే వేలమంది ఆడవాళ్ల చేతికి తాళాలిచ్చి మనం ఆఫీసులకు వెళ్లగలమా? నా ఫైళ్లలో మళ్లీ మళ్లీ కనిపించేది ఇంకొకటి. వచ్చే డబ్బు ఉన్నట్టుండి ఆగిపోతుంది, రోజూ కట్టాల్సిన బాకీ మాత్రం ఆగదు, సరిగ్గా అప్పుడే ఎవడో వచ్చి "ఒక్క ట్రిప్పు చాలు" అంటాడు. ఈ మూడూ ఒకే నెలలో కలిసొస్తే అప్పటిదాకా పోలీస్ స్టేషన్ మెట్లెక్కని మనిషి కూడా ముద్దాయి అవుతాడు.

మీరు చూస్తున్న పేటలోనే జరిగింది చెప్తాను. ఆనవాళ్లు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి మీకు తెలుసు. ఒకే సందులో ఇద్దరు ఆటోడ్రైవర్లు, ఇద్దరూ అద్దె ఇళ్లవాళ్లు, ఇద్దరి ఆటోలూ వారం రోజులు నీళ్లలోనే ఉన్నాయి. ఇద్దరికీ ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే. వరదలో బండి పాడైతే దానికింద రూపాయి రాదు. కింది అంతస్తు మునిగిన ఇళ్లకు ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది. ఆ డబ్బు పరుపులకూ స్టవ్‌కూ బియ్యానికీ సరిపోయిందన్నారు. ఆటో ఇంజిన్ మాత్రం బురదతో అలాగే ఉండిపోయింది.

మొదటి అతనికి ఆటో ఈఎంఐతో పాటు రోజువారీ ఫైనాన్స్ బాకీ కూడా ఉంది. జనవరిలో రాజమండ్రి నుంచి రెండు బ్యాగులు బస్సులో తెచ్చి ఇక్కడ అప్పజెప్తే ఆరు వేలు ఇస్తామన్నారు. తెచ్చాడు. బస్టాండులో దిగగానే దొరికాడు. బ్యాగుల్లో 24 కిలోల గంజాయి. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయికి 20 కిలోలు వాణిజ్య పరిమాణం. ఆ గీత దాటితే పదేళ్లకు తగ్గని శిక్ష, బెయిల్ దొరకడమూ గగనమే. 24 కిలోలంటే ఏమిటో అతనికి తెలియదు, తూకం వేసింది వేరేవాళ్లు. ఏడాది దాటినా ఇంకా లోపలే ఉన్నాడు. సరుకు పంపినవాడి పేరు చార్జిషీటులో లేదు.

అతని భార్య నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆర్సీ, ఆధార్, ఉబ్బిపోయిన అద్దె అగ్రిమెంటు, అన్నిటికీ అంచున బురద గీత. వాటితో పాటు ఫైనాన్స్ వాడిచ్చిన పసుపు కార్డు. వంద గడులు, గడికి రోజుకు రెండొందలు, కట్టినప్పుడల్లా కలెక్షన్ కుర్రాడి సంతకం. ఇల్లు నీళ్లలో ఉండి వీళ్లు మేడ మీద పొట్లాల కోసం ఎదురుచూసిన ఆరు రోజులకూ ఆరు సున్నాలు చుట్టి ఉన్నాయి. పక్కన ఫైన్ వేసి ఉంది. ఆ కార్డు కేసుకు పనికొచ్చే కాగితం కాదు, అయినా జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టుకున్నాను.

రెండో అతని భార్య డ్వాక్రా సంఘంలో ఉంది. సంఘం పొదుపులోంచి నలభై వేలు ఇచ్చారు. బావమరిది ఆటోనగర్‌లో మెకానిక్, ఇంజిన్ విప్పి బాగుచేసి డబ్బులు తర్వాత ఇవ్వమన్నాడు. నవంబరుకల్లా ఆటో రోడ్డెక్కింది. ఆ మనిషే పక్కింటి స్నేహితుడి కోసం జామీను ఉంటానని నా దగ్గరికి వచ్చాడు. జామీను దాకా ఇంకా రాలేదయ్యా అన్నాను. లేచి వెళ్లబోతూ, "నన్నూ అడిగారండీ మేడం గారూ ఆ బ్యాగులు. సంఘం డబ్బులు రాకపోతే నేనే ఎళ్లేవాణ్ణేమో" అన్నాడు.

ఇద్దరి సంపాదనా ఒకటే, చదువూ ఒకటే, పేటా ఒకటే. ఒకడికి పట్టుకోవడానికి ఏదో ఒక కొమ్మ దొరికింది, ఇంకొకడికి దొరకలేదు. దీన్నిబట్టి మొదటివాడు నిర్దోషి అని నేను అనడం లేదు. బ్యాగులో ఏముందో ఊహించలేనంత అమాయకుడేమీ కాదు. కానీ మీరడిగిన "పరిస్థితుల ప్రభావం" అనేది దగ్గరనుంచి చూస్తే ఇలా ఉంటుంది.

అప్పు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విజయవాడలో నేరాన్ని అర్థం చేసుకోవాలంటే వడ్డీ అర్థం కావాలి. 2015 డిసెంబరులో కాల్ మనీ వ్యవహారం బయటపడి రాష్ట్రమంతా మారుమోగింది. కాల్ మనీ అంటే ఫోన్ కొట్టి అడిగిన వెంటనే మొత్తం కట్టాల్సిన అప్పు. కట్టలేని ఇళ్లల్లో ఆడవాళ్లను ఎంత నీచంగా వేధించారో అప్పట్లో పేపర్లలో చదివే ఉంటారు. ఆ పేరుతో ఇప్పుడెవరూ బోర్డు పెట్టుకోరు గానీ రోజువారీ ఫైనాన్స్ మాత్రం ప్రతి మార్కెట్ దగ్గరా ఉంది. ఇరవై వేల అప్పంటే చేతికిచ్చేది పదిహేడు వేలు, రోజుకు రెండొందల చొప్పున వంద రోజులు కట్టాలి. అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్కేస్తే నూటికి నెలకు పది రూపాయల పైచిలుకు వడ్డీ.

బ్యాంకు ఇవ్వదు, వీడు పది నిమిషాల్లో ఇస్తాడు. అందుకే తీసుకుంటారు. టిఫిన్ బండి నాలుగు రోజులు ఆగితే పాత బాకీకి కొత్త బాకీ. మూడో బాకీకి ఖాళీ చెక్కు మీద సంతకం. చెక్కు బౌన్స్ కేసు పడితే టిఫిన్ బండి నడిపే ఆవిడ ముద్దాయి అవుతుంది. డబ్బు వసూలుకు వచ్చి తలుపు తన్నిన ఇరవై ఏళ్ల కుర్రాడి మీద బెదిరింపు కేసు, వాడూ అదే కాలనీవాడే, కమీషన్ మీద బతికేవాడు. ఈ గొడవల్లో ఆవిడ కొడుకు ఎవరిదో ఫోన్ కొట్టేసి దొరికితే మూడో కేసు. ఒక్క ఇరవై వేల అప్పుకు ముగ్గురు ముద్దాయిలు, అప్పిచ్చిన పెద్దమనిషి మాత్రం ఏ కేసులోనూ ఉండడు. ఇలాంటివి నేను వేళ్ల మీద లెక్కపెట్టలేనన్ని చూశాను.

ఇక పుస్తకాల్లో ఏముందని అడుగుతారేమో. ఈ సంబంధాన్ని లెక్క కట్టడం చాలా పాత పనే. 1867లోనే జర్మనీలో గేయోర్గ్ ఫాన్ మాయర్ అనే గణాంకవేత్త బవేరియాలో రై ధాన్యం ధర పెరిగిన ఏడు దొంగతనాలు కూడా పెరిగాయని చూపించాడు. మన దగ్గర 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, ధరలు ఆకాశానికి పోయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఆరు నెలలు తిరక్కుండానే వందకు పైగా చోట్ల ధాన్యం అంగళ్లు దోచుకున్నారు. ఈ రెండు ఉదాహరణల్లోనూ జనం రాత్రికి రాత్రి పేదలైపోలేదు, ముందూ పేదలే. మారింది ధాన్యం ధర, మారిన వేగం.

దీనికి అటువైపు గ్యారీ బెకర్ ఉన్నాడు. 1992లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చినాయన. ఒక విద్యార్థికి మౌఖిక పరీక్ష పెట్టడానికి వెళుతూ ఆలస్యమై, కారు పార్కింగ్‌లో పెట్టాలా, రోడ్డు మీదే వదిలేసి జరిమానా పడే అవకాశాన్ని భరించాలా అని లెక్క వేసుకున్నాడట. అక్కణ్ణుంచే నేరం కూడా లాభనష్టాల బేరమేనన్న ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. 1968లో దాని మీద ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. బీసెంట్ రోడ్డులో దసరా షాపింగ్ రోజున బండి ఎక్కడ పెట్టాలా అని చూసే ప్రతి ఒక్కరూ బెకర్ శిష్యులే.

ఆయన మాటలో సగం నాకు నచ్చుతుంది. దొరికిపోతామన్న నమ్మకం ఆపినంతగా పెద్ద శిక్ష ఆపదు. దొంగతనానికి ఎన్నేళ్లు శిక్షో నా క్లయింట్లలో ఒక్కరికీ ముందు తెలియదు. సీసీ కెమెరా ఎక్కడుందో మాత్రం అందరికీ తెలుసు.

అలాగే కొనేవాడు లేకపోతే దొంగతనం నడవదు. గుంటూరు, పల్నాడు పొలాల్లో మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ పట్టుకుపోతుంటారు కదా. ఆ కేసుల్లో కుర్రాళ్లను పట్టుకుంటారు, తీగ కాల్చిన మసి వాళ్ల గోళ్లలో ఉంటుంది. రాగి ధర పెరిగినప్పుడల్లా నాకు ఈ కేసులు ఎక్కువ వస్తాయి. బిల్లు అడక్కుండా ఆ రాగి కొన్న పాత ఇనుప సామాన్ల కొట్టు మీద దొంగసొత్తు కొన్న నేరం కింద కేసు కట్టి గట్టిగా నడిపిస్తే, ఆ మండలంలో కొన్నాళ్లు అంతా సద్దుమణుగుతుంది. బంగారమూ అంతే. 2005 ప్రాంతంలో పది గ్రాములు ఏడు వేలుండేది, 2025లో లక్ష దాటింది. మెడలో గొలుసు అదే, లాగేవాడి చేతికొచ్చేది పద్నాలుగు రెట్లు. ఇందులో పేదరికం పెరగడమన్నది ఎక్కడుంది చెప్పండి?

ఇప్పుడు మీ వాంబే కాలనీ దగ్గరికి వద్దాం. ఒక పొరపాటు అందరూ చేస్తారు: ముద్దాయి ఇల్లు ఎక్కడుందో, నేరం జరిగిన చోటు ఎక్కడుందో రెండూ ఒకటే అనుకుంటారు. కేసు నమోదయ్యేది నేరం జరిగిన చోట. జేబు దొంగతనాలు, బ్యాగు దొంగతనాలు రైల్వే జంక్షన్‌లో, పండిట్ నెహ్రూ బస్టాండులో, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ఎక్కువ జరుగుతాయి, ఎందుకంటే జనమూ డబ్బూ కలిసి తిరిగేది అక్కడ. దసరా ఉత్సవాలకూ 2016 పుష్కరాలకూ చేయి చూపించడానికి ఎక్కడెక్కడి నుంచో దిగినవాళ్ల కేసులు నేను చేశాను. తాళాలు పగలగొట్టే దొంగతనాలు అపార్ట్‌మెంట్లలో, సెలవులకు ఊరెళ్లిన ఇళ్లల్లో. రెండు గదుల కాలనీ ఇంట్లో పగలగొట్టి తీసుకెళ్లేందుకు ఏముంటుందండీ?

కానీ కాలనీలో నేరమే లేదంటే అదీ అబద్ధమే. ఉంది. తాగి కొట్టుకోవడం, భార్యను కొట్టడం, కుర్రాళ్ల బ్యాచ్‌ల గొడవలు, గంజాయి పొట్లాలు. పైగా వాటి దెబ్బ తగిలేది పక్కింటి పేదవాడికే. డెలివరీ కుర్రాడి బైకు పోతే ఆ నెల వాడి సంపాదనే పోయింది. మీ ఆఫీసు వాళ్ల ఇంట్లో బైకు పోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసుకుంటారు. "పేదల నేరాలు" అని మాట్లాడేటప్పుడు బాధితుల్లోనూ ఎక్కువమంది పేదలేనన్న సంగతి ఎందుకో ఎవరికీ గుర్తుకు రాదు.

ఆ కాలనీలు ఎలా ఏర్పడ్డాయో కూడా చూడండి. వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన కింద కట్టినవి కాబట్టి వాంబే అన్నారు. కాలువ గట్ల మీద, ఊరి నడిబొడ్డున ఉన్నవాళ్లను తీసుకొచ్చి ఊరి చివర పెట్టారు. గట్టు మీద ఉన్నప్పుడు పని నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. ఎవరి పిల్లాడు ఎవరితో తిరుగుతున్నాడో పిన్నులూ బాబాయిలూ చూసి చెప్పేవారు. కొత్త కాలనీలో నాలుగు పేటల జనాన్ని కలిపి బ్లాకులుగా సర్దారు, పక్క ఫ్లాటు వాళ్ల పేరే తెలియదు. తల్లీ తండ్రీ తెల్లవారుజామునే పనికి బయలుదేరితే పిల్లాడు బడికి వెళ్లాడో లేదో అడిగేవాళ్లు ఉండరు. ఇల్లు పక్కాది వచ్చింది, నాలుగు కళ్లు పోయాయి. పదిహేడు నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య కుర్రాళ్లే నా ఫైళ్లలో ఎక్కువ, వాళ్లలో పదో తరగతి తర్వాతో ఇంటర్ మధ్యలోనో చదువు ఆపేసినవాళ్లు మరీ ఎక్కువ.

అంకెలు చూపించి వాదించేవాళ్లతో జాగ్రత్త. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చేది నమోదైన కేసుల లెక్క. కేరళ నేరాల రేటు బీహార్ కంటే చాలా ఎక్కువ కనిపిస్తుంది. కేరళలో రాత్రిపూట నడవడం బీహార్ కంటే ప్రమాదమని దాని అర్థమా? అక్కడ జనం స్టేషన్‌కు వెళ్తారు, వెళ్తే కేసు రాస్తారు. 2020 చూడండి. దేశం మొత్తం నేరాలు ఒక్క ఏడాదిలో 28 శాతం పెరిగి 66 లక్షలు దాటాయి. భయపడాల్సిన అంకెలాగే ఉంటుంది. లోపలికి వెళ్లి చూస్తే ప్రభుత్వ ఉత్తర్వు ఉల్లంఘించారన్న 188 సెక్షన్ కేసులు 29 వేల నుంచి 6 లక్షల 12 వేలకు పోయాయి. అంటే లాక్‌డౌన్‌లో బయట తిరిగినవాళ్లు. జనమంతా ఇళ్లల్లోనే ఉన్న ఆ ఏడాది దొంగతనాలు తగ్గాయి. కోట్లమందికి పని పోయిన ఏడాది అది, గుర్తుంచుకోండి.

కింది స్థాయిలో ఏం జరుగుతుందో నాకు తెలిసిన చిన్న ముచ్చట. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఫోన్ షేర్ ఆటోలో ఎవరో కొట్టేశారు. స్టేషన్‌కు వెళ్తే, "దొంగతనం అని రాస్తే కోర్టు చుట్టూ తిరగాలి, పోగొట్టుకున్నాను అని రాసివ్వమ్మా" అన్నారట. రాసిచ్చి వచ్చింది. లెక్కలో ఒక దొంగతనం తగ్గింది. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల నేరం జరిగిందని చెప్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అదే ఫోన్ మీదో నాదో అయితే నేను ఆ తీర్పు పేరు చెప్పేదాన్ని. ఆవిడకు ఏం తెలుసు?

డబ్బు పెరిగినా నేరం పెరుగుతుంది, రకం మారుతుందంతే. అమరావతి రాజధాని ప్రకటన వచ్చాక భూసమీకరణలో 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ఎకరం లక్షల్లోంచి కోట్లలోకి వెళ్లిన ఆ రోజుల్లో మా కోర్టు హాళ్లలో ఏం పెరిగిందంటారు? ఫోర్జరీ వీలునామాలు, ఒకే స్థలానికి రెండు రిజిస్ట్రేషన్లు, చనిపోయిన తండ్రి వేలిముద్రలు, అన్నదమ్ముల తలకాయలు పగలడం. ఆ ముద్దాయిల్లో ఆకలితో ఉన్నవాడు ఒక్కడూ లేడు. సొంత లాయర్లతో, కార్లలో వచ్చారు. డిపాజిట్ల పేరుతో జనం సొమ్ము మింగిన కంపెనీల కేసుల్లోనూ, ఈమధ్య సైబర్ మోసాల్లోనూ చదువు రాకపోవడం కారణం కానే కాదు. సెల్‌ఫోన్ దొంగ పది వేలు పట్టుకుపోతే మనకు కాలనీ గుర్తొస్తుంది. కోట్లు మింగినవాడు ఏ పేటలో ఉంటాడో ఎవరూ అడగరు.

గుంటూరు నుంచి వస్తున్నారు కాబట్టి మిర్చి సంగతి మీకు చెప్పాల్సిన పనిలేదు. 2025 మొదట్లో యార్డులో ధర పడిపోయి, చివరికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. కౌలు ముందే కట్టి, పురుగుమందుల కొట్లో ఖాతా పెట్టి, మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని కూర్చున్న కౌలురైతులు ఆ ఏడు దొంగతనాలకు వెళ్లారా? నేను చూసినంతలో లేదు. మా దగ్గరికి వచ్చినవి మనోవర్తి కేసులు, వరకట్న వేధింపుల కేసులు, గట్టు తగాదాలో పార ఎత్తిన కేసులు. "పుట్టింటి నుంచి రెండు లక్షలు తెమ్మని కొట్టాడు" అనే ఫిర్యాదు కింద తేదీ చూసి, ఆ నెల మిర్చి ధర ఎంతో ఊహించవచ్చు. ఇది నా పిచ్చి ఊహ మాత్రమే కాదు. మన దేశంలో వానలు బాగా తగ్గిన ఏడు ఆ జిల్లాల్లో వరకట్న మరణాలు పెరుగుతాయని షీతల్ సెఖ్రీ, ఆడమ్ స్టోరీగార్డ్ అనే ఆర్థికవేత్తలు 2014లో లెక్కలతో చూపించారు. ఆర్థిక దెబ్బ వీధిలోకి వచ్చేకంటే ముందు ఇంట్లోకి వస్తుంది, ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి మీద పడుతుంది. నేరాలంటే దొంగతనాలే అనుకునేవాళ్ల లెక్కలోకి ఇది రాదు.

మద్యం గురించి ఒక్క ముక్క. ధరలు బాగా పెంచిన ఏళ్లలో తాగుడు తగ్గిందో లేదో గానీ, తెలంగాణ సీసాలు గరికపాడు మీదుగా దాటించే కేసులు మాత్రం కుప్పలుగా వచ్చాయి. బైకు డిక్కీలో ఆరు సీసాలతో దొరికిన డిగ్రీ కుర్రాళ్ల వకాల్తాలు నేనే వేశాను. చట్టం మారితే కొత్త ముద్దాయిలు పుడతారు.

ముద్ర వేయడం గురించి మాత్రం ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ ఆఫీసు వాళ్ల మాటలో అసలు చిక్కు అక్కడే ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్ముకునే ఎరుకలవాళ్ల వ్యాపారాన్ని రైళ్లూ ఉప్పు పన్నులూ అంతకుముందే దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయిన జనాన్ని పట్టుకుని పుట్టుకతోనే దొంగలన్నారు. అలా వచ్చిన సెటిల్‌మెంట్లే బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురం, మన బ్యారేజీకి అవతల సీతానగరం. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించి, హాజరు వేయించి, అనుమతి లేకుండా ఊరు దాటకుండా కట్టడి చేశారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి వాళ్లు చౌక కూలీలయ్యారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. స్టూవర్ట్‌పురం పేరు మీది మచ్చ పోలేదు. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం గారు, హేమలత గారు అక్కడికి వెళ్లి ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు చేసిన పనిలో ఉపన్యాసాలు తక్కువ. పిల్లల చదువు, పని చూపించడం, ఆ మనుషులతో కలిసి కూర్చుని భోంచేయడం.

ఆ ఊరి పెద్దాయన ఒకరు నాకు క్లయింటు, పొలం కేసు, క్రిమినల్ ఏమీ కాదు. మనవడి బయోడేటా చూపించాడు ఒకసారి. అడ్రస్ దగ్గర ఊరి పేరు లేదు, ఒట్టి "బాపట్ల" అని ఉంది. "ఊరి పేరు రాస్తే ఇంటర్వ్యూలో నవ్వుతారమ్మా" అన్నాడు. ఉద్యోగం రాకపోతే కుర్రాడు ఏం చేయాలి? మీ ఆఫీసులో రేపు ప్యూను పోస్టుకు వాంబే కాలనీ అడ్రస్‌తో అప్లికేషన్ వస్తే ఏం జరుగుతుందో మీరే చూడండి.

ఉద్యోగాలు పెరిగితే తగ్గుతాయా అన్నారు. కొంత తగ్గుతాయి, ఆ ఉద్యోగం నెలనెలా జీతం వచ్చేదైతే. రోజుకూలీగా ఇవాళ ఎనిమిది వందలు, వచ్చే వారం సున్నా అయితే పెద్ద తేడా ఉండదు. ఆటోనగర్‌లో పని నేర్చుకున్న కుర్రాడు చేతిలో పని పట్టు వచ్చాక మళ్లీ నా దగ్గరికి ముద్దాయిగా రావడం చాలా అరుదు. నన్నడిగితే ఉద్యోగాల కంటే ముందు, ఇవాళే చేయగలిగింది ఒకటుంది: మొదటిసారి చిన్న నేరంలో దొరికినవాణ్ణి జైలు బడిలో చేర్చకుండా ఉండటం.

ఐదారు వేల ఫోన్ కొట్టేసిన పంతొమ్మిదేళ్లవాడికి బెయిల్ వస్తుంది. కానీ ఇద్దరు జామీనుదారులు కావాలి, ఇంటి పన్ను రసీదుతో. అద్దె ఇంట్లో ఉండేవాళ్ల చుట్టాలూ అద్దె ఇళ్లవాళ్లే. రసీదు ఎవరి దగ్గరుంటుంది? కోర్టు బయట డబ్బులకు జామీను ఉండే బేరగాళ్లు ఉంటారు, వాళ్లకివ్వడానికి మళ్లీ అప్పు. లేదంటే కుర్రాడు బెయిల్ ఆర్డరు చేతిలో పెట్టుకుని లోపలే ఉంటాడు. 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీ పనివాణ్ణి పది వేలకు జామీను తెమ్మన్నందుకు జస్టిస్ కృష్ణయ్యర్ ఎంత మండిపడ్డారో చదవండి. ఇన్నేళ్ల తర్వాత, 2022 చివర్లో కూడా, దేశంలోని ఖైదీల్లో నూటికి డెబ్బై ఐదుగురు విచారణ పూర్తికానివాళ్లే. ఆ కుర్రాడు రెండు నెలలు పాత నేరస్తుల పక్కన పడుకుని బయటికొస్తే చేతిలో పని ఉండదు, ఫోన్లో కొత్త నంబర్లు ఉంటాయి.

కొత్త చట్టాలు ఇక్కడ కాస్త నయం. భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్‌లో, ఐదు వేల లోపు విలువైన దొంగతనం, మొదటిసారి, సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవ శిక్షగా పెట్టారు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479 సెక్షన్ ప్రకారం, అంతకుముందు శిక్ష పడని ముద్దాయి గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం రిమాండ్‌లో గడిపితే బాండు మీద వదలాలి, యావజ్జీవం, ఉరి పడే కేసులూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లూ తప్ప. ఇవి ముద్దాయికి ఎవరో ఒకరు చెప్పాలి. ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి అవసరం ఉంటే కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, లాయర్ని ఉచితంగా ఇస్తారు. ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ, కస్టడీలో ఉన్నవాళ్లకూ ఆదాయంతో పనిలేదు.

ఇల్లు విషయానికొస్తే, తీసుకోండి. నా జూనియర్ అదే పేటలో ఆరేళ్లుగా ఉంటోంది, రాత్రి పదికి స్కూటీ మీద వెళ్తుంది. వీధి దీపం వెలుగుతుందా, కింద గేటుకు తాళం ఉందా చూసుకోండి. గంజాయి బ్యాచ్ కనిపిస్తే 1972కు ఫోన్ చేయండి, అది మత్తుమందులను అరికట్టే రాష్ట్ర పోలీసు విభాగం ఈగల్ వాళ్ల టోల్‌ఫ్రీ నంబరు. ఓనరు కొత్తగా సున్నం వేయించి ఉంటాడు కాబట్టి మెట్ల కింద, మీటరు బోర్డు వెనకాల గోడ చూడండి. బుడమేరు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ మరక చెప్తుంది. మీ నడుము దాటి ఉంటే పై అంతస్తు అడగండి, రెండు వేలు ఎక్కువైనా సరే.